భూమి వెబ్‌సైట్ ఎవరి కోసం? తాళం వేసే ముందే తేల్చాలి

భూముల రికార్డులను బ్లాక్‌చెయిన్‌లో పెడితే ఇక ఎవరూ దిద్దలేరని, తగాదాలన్నీ పోతాయని ఒక మాట మళ్ళీ మళ్ళీ వినబడుతున్నది. కంపెనీలు చెబుతున్నాయి, అధికారులు చెబుతున్నారు. మన సంఘం సమావేశాల్లో చదువుకున్న పిల్లలు కూడా అడుగుతున్నారు: ఇది రైతుకు మంచిదా, చెడ్డదా అని. మంచిదా చెడ్డదా అనే ముందు ఇంకో ప్రశ్న అడగాలని నా అభిప్రాయం. ఆ రికార్డును చూపించే వెబ్‌సైట్‌ను తెరిచేది ఎవరు? ఏ పని మీద తెరుస్తారు? పని అయి పోతున్నారా, ఉత్త చేతులతో తిరిగి పోతున్నారా? ఈ లెక్క తీయకుండా ఎంత గొప్ప యంత్రం తెచ్చినా, అది ఇప్పటికే పని జరుగుతున్న వాళ్ళకే ఇంకాస్త తొందరగా పని చేసిపెడుతుంది. మిగిలిన వాళ్ళం గేటు బయటే ఉంటాం.

బ్లాక్‌చెయిన్ అంటే ఏమిటి

పేరు పెద్దది గాని సంగతి మనకు అర్థం కానిదేమీ కాదు. ఇప్పుడు రికార్డు ఒకచోట, ఒక కంప్యూటర్‌లో ఉంటుంది. ఆ కంప్యూటర్ ఎవరి చేతిలో ఉంటే వాళ్ళ చేతిలో మన భూమి ఉన్నట్టే. బ్లాక్‌చెయిన్‌లో అదే రిజిస్టరు నకళ్ళు చాలా చోట్ల ఉంటాయి. ప్రతి కొత్త పేజీ మీద వెనక పేజీ గుర్తు పడుతుంది. నడుమ ఒక పేజీ చింపినా, ఒక అంకె దిద్దినా, ఆ తరువాతి పేజీల గుర్తులు కలవవు. మిగతా నకళ్ళతో పోల్చి చూస్తే దొంగ దొరుకుతాడు. రాత్రికి రాత్రి పహాణీలో పేర్లు ఎక్కిన ఊళ్ళు మనకు తెలుసు. కాబట్టి ఈ గుణం చిన్నదేమీ కాదు. దాన్ని నేను కొట్టిపారేయను.

అయితే రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఈ యంత్రానికి నిజం, అబద్ధం తెలియవు. ఎక్కించినదాన్ని కాపాడుతుంది, అంతే. తప్పు ఎక్కిస్తే తప్పునే కాపాడుతుంది. రెండు, నకళ్ళు చాలా చోట్ల ఉంటాయంటున్నారు గాని, ఎవరి దగ్గర? అన్ని నకళ్ళూ సర్కారు కంప్యూటర్లలోనే, ఒకే శాఖ అధీనంలోనే ఉంటే అది వికేంద్రీకరణ కాదు. ఒక బీరువాకు నాలుగు తాళాలు వేసి, నాలుగు తాళపు చెవులూ ఒకే జేబులో పెట్టుకున్నట్టు.

ఇతర దేశాల అనుభవం

2015లో మధ్య అమెరికాలోని హోండురాస్ దేశం భూమి పట్టాలను బ్లాక్‌చెయిన్‌లోకి ఎక్కిస్తానన్నది. ఒక అమెరికా కంపెనీ ముందుకు వచ్చింది. ప్రపంచమంతా వార్తలు వచ్చాయి. ఆ ఏడాది ముగిసేలోపే పని ఆగిపోయింది. 2016లో జార్జియా దేశం అదే పని మొదలుపెట్టింది. అక్కడ నడిచింది. తేడా ఎక్కడున్నది? జార్జియా 2004 నుంచే తన రిజిస్ట్రీని సంస్కరించుకుంటూ వచ్చింది. ఒకే సంస్థ కిందికి తెచ్చింది, కాగితాలను శుభ్రం చేసుకున్నది. ఆ తరువాత దాని మీద ఈ ముద్ర వేసుకున్నది. అంటే ముందు రికార్డు బాగుపడ్డది, తరువాత తాళం పడ్డది.

మన దగ్గర ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2017లో క్రోమావే అనే స్వీడన్ కంపెనీతో కలిసి భూమి రికార్డులకు బ్లాక్‌చెయిన్ ప్రయోగం చేస్తామని ప్రకటించింది. ఆ తరువాత 2020 డిసెంబరులో రీసర్వే మొదలైంది. భూ హక్కుల చట్టం వచ్చింది. రైతుల్లో భయం పుట్టింది, ఆ భయమే 2024 ఎన్నికల్లో పెద్ద చర్చ అయింది, కొత్త ప్రభుత్వం ఆ చట్టాన్ని రద్దు చేసింది. ఆ చట్టంలో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, రికార్డు ప్రకటించాక గడువు లోపల అభ్యంతరం చెప్పకపోతే అదే ఖాయం అవుతుంది. బొంబాయిలో ఇటుకలు మోసేవాడు, దుబాయ్‌లో కూలికి ఉన్నవాడు, ఊళ్ళోనే ఉన్నా అక్షరం రాని ముసలమ్మ ఆ ప్రకటనను ఎక్కడ చూస్తారు? ఎట్లా చూస్తారు? చట్టం రాసేవాళ్ళు అడగవలసిన మొదటి ప్రశ్న అదే. జనం గట్టిగా అడిగేదాకా అది ఎవరికీ గుర్తుకు రాలేదు.

ధరణి నేర్పిన పాఠం

తెలంగాణలో మనకు దూరపు ఉదాహరణలు అక్కర్లేదు. 2017 సెప్టెంబరు 15న భూ రికార్డుల ప్రక్షాళన మొదలుపెట్టారు. తరాల తగాదాలను నెలల్లో తేల్చేయాలనుకున్నారు. తేలనివాటిని పార్ట్-బి అని పక్కన పెట్టారు. అలా లక్షల ఎకరాలు పాస్‌పుస్తకం లేకుండా మిగిలిపోయాయి. ఆ ప్రక్షాళనలో దొర్లిన తప్పులతో సహా రికార్డంతా 2020 అక్టోబరు 29న మొదలైన ధరణిలోకి వెళ్ళింది. అదే ఏడాది చట్టం మార్చారు. వీఆర్వోలు పోయారు, రెవెన్యూ కోర్టులు పోయాయి, సాగు చేస్తున్న వారి పేరు రాసే కాలమ్ పోయింది.

ఒక మేలు జరిగింది, దాన్ని ఒప్పుకోవాలి. అమ్మినా కొన్నా రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకేచోట, ఒకేరోజు అయ్యాయి. మునుపు మ్యుటేషన్ కోసం చెప్పులు అరిగేలా తిరిగినవాళ్ళకు ఆ సుఖం తెలుసు. కాని ఆ వెబ్‌సైట్‌ను ఎవరిని మనసులో పెట్టుకుని కట్టారో కూడా అక్కడే తెలిసిపోయింది. భూమి అమ్మేవాడికి, కొనేవాడికి గంటలో పని. పేరులో ఒక అక్షరం తప్పు పడ్డవాడికి, పది గుంటలు తక్కువ పడ్డవాడికి నెలలు, ఏండ్లు. అమ్ముకోవటానికి రాచబాట, దిద్దుకోవటానికి ముళ్ళబాట. టీఎం-33 అనే మాట కంప్యూటర్ ముట్టని రైతుకు కూడా నోటికి వచ్చిందంటే, అది ఎంత మంది గోస అయి ఉండాలో ఆలోచించండి.

2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. కొత్త చట్టంలో అప్పీలు దారి మళ్ళీ పెట్టారు, పేదలకు ఉచిత న్యాయ సాయం అన్నారు, ఊరూరా సదస్సులు పెట్టి దరఖాస్తులు తీసుకున్నారు. ఇవి మనం కొట్లాడి తెచ్చుకున్నవి. అంతకు ముందు 2020లో సాదాబైనామాల కింద వచ్చిన దరఖాస్తులే 9 లక్షలు దాటాయి. తెల్ల కాగితం మీద రాసుకుని, పెద్దమనుషుల ముందు డబ్బు లెక్కపెట్టి కొనుక్కున్న ఈ భూములన్నింటికీ హక్కు తేలకముందే రికార్డుకు దిద్దరాని తాళం వేస్తే ఎవరు లోపల ఉంటారు, ఎవరు బయట ఉంటారు? తాతల నాడు అమ్ముకుని వెళ్ళిపోయిన వాళ్ళ పేర్లు లోపల ఉంటాయి. దున్నుకుంటున్న వాళ్ళు బయట ఉంటారు.

వెబ్‌సైట్‌కు వచ్చేది ఎవరెవరు

మండల కేంద్రంలో మీ సేవ ముందు ఒక పూట కూర్చుని చూడండి. వెబ్‌సైట్‌ను తెరిచేది రైతు కాదని మొదట తెలుస్తుంది. తెరిచేది ఆపరేటర్. రైతు బల్లకు ఇవతల నిలబడి, పాస్‌పుస్తకం చేతికిచ్చి, ఆయన చెప్పింది వింటాడు. తెర మీద ఏమున్నదో ఆపరేటర్‌కు తెలుసు, రైతుకు తెలియదు. కాబట్టి వెబ్‌సైట్ చేసే ప్రతి పనికీ రైతు చేతికి ఒక కాగితం రావాలి. ఏ దరఖాస్తు పెట్టారు, ఎంత ఫీజు కట్టారు, ఎవరి దగ్గరికి వెళ్ళింది, ఎన్ని రోజుల్లో చెప్పాలి, కాదంటే ఎవరికి అప్పీలు చేయాలి, అన్నీ మామూలు తెలుగులో అందులో ఉండాలి.

రెండో వారు వారసులు. తండ్రి పోయాక అన్నదమ్ములు విరాసత్ కోసం వస్తారు. వీళ్ళకు కావలసింది ఏ కాగితాలు పట్టుకురావాలో ముందే తెలియడం. ఒక కాగితం తక్కువైందని తిప్పి పంపితే ఒకరోజు కూలి, బస్సు ఛార్జీ పోతాయి. ఇక ఆడబిడ్డల సంగతి. వారసుల జాబితాలో వాళ్ళ పేరు వదిలేస్తే వాళ్ళకు తెలిసే దారే లేదు. పేరు మారే ముందు వారసులందరికీ నోటీసు అందినట్టు రుజువు ఉండాలి. మారాక దిద్దలేని రికార్డులో ఇది మరీ ముఖ్యం.

మూడో వారు కౌలు రైతులు. వీళ్ళు వెబ్‌సైట్‌కు రారు, ఎందుకంటే వాళ్ళ పేరే అందులో లేదు. కాని దాని దెబ్బ అందరికంటే ఎక్కువ తగిలేది వీళ్ళకే. రైతుబంధు 2018లో మొదలైననాటి నుంచి ఎకరానికిచ్చే సాయం పట్టా ఉన్నవాడికే పోయింది. రైతుభరోసా వచ్చాక కూడా రికార్డులో పేరున్నవాడే రైతు. ఆంధ్రలో 2019 చట్టం కౌలు కార్డులు ఇస్తుంది గాని భూ యజమాని సంతకం కావాలంటుంది. భూమి పోతుందేమోనన్న భయంతో చాలామంది సంతకం పెట్టరు. 2025 పత్తి సీజనులో సీసీఐకి పత్తి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు, భూమి వివరాలు నమోదు చేసుకుని స్లాట్ తీసుకోవాలన్నారు. ఎండలో నిలబడి పండించింది ఒకరు, రికార్డులో ఉన్నది ఇంకొకరు అయినప్పుడు స్లాట్ ఎవరికి దొరుకుతుంది? ఎద్దు పుండు కాకికి ముద్దా అన్నట్టు, పై నుంచి చూసేవాళ్ళకు ఇది చిన్న కాలమ్. కింద ఉన్నవాడికి ఏడాది కష్టం. హక్కు జోలికి పోకుండా, సాగుదారు ఎవరో మాత్రం ఏడాదికోసారి రాసే కాలమ్ పెట్టవచ్చు. పాత పహాణీలో అది ఉండేది.

నాలుగో వారు అసైన్డ్ భూములవాళ్ళు, పోడు పట్టాలవాళ్ళు. నిషేధిత జాబితాలో తమ సర్వే నంబరు పడ్డదో లేదో వీళ్ళకు తెలియాలి. ఎందుకు పడ్డదో, ఏ ఉత్తర్వు కింద పడ్డదో తెలియాలి. ఎర్ర అక్షరాల్లో ‘నిషేధితం’ అని చూపించి ఊరుకుంటే అది సమాచారం కాదు, బెదిరింపు.

ఐదో వారు వలస పోయినవాళ్ళు. పాలమూరు నుంచి బొంబాయి, పుణె పోయినవాళ్ళు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్ పోయినవాళ్ళు. వీళ్ళకు ఒక్కటే భయం: నేను లేనప్పుడు నా భూమికి ఏమవుతుంది? రికార్డులో ఏ కదలిక వచ్చినా ఫోన్‌కు మెసేజ్ రావాలి, దూరం నుంచే అభ్యంతరం పెట్టే వీలుండాలి. ఓటీపీ ఇక్కడి సిమ్‌కు మాత్రమే వస్తుందంటే, ఆ సిమ్ మూలపడిన నాటి నుంచి ఆ మనిషికి తన భూమి మీద చూపు పోయినట్టే.

ఆరో వారు బ్యాంకు మేనేజర్లు, వకీళ్ళు, భూములు కొనేవాళ్ళు, దళారులు. వీళ్ళ అవసరం ఇప్పటికే తీరుతున్నది. ఒక్క జాగ్రత్త మాత్రం అడగాలి. రికార్డు బహిరంగంగా ఉండాలి, అప్పుడే కబ్జా బయటపడుతుంది. కాని ఫోన్ నంబరు, ఆధార్ వివరాలు, ఎవరికి ఎంత అప్పున్నదన్న సంగతి బయటివాళ్ళకు కనబడకూడదు. అప్పుల్లో ఉన్న ఆసామి ఎవరో ఇంట్లో కూర్చుని ఏరుకునే జాబితా మనం దళారీకి తయారుచేసి ఇవ్వకూడదు. బ్లాక్‌చెయిన్‌లో ఒకసారి ఎక్కినదాన్ని చెరపడం కష్టం కాబట్టి ఈ సంగతి మొదటే తేలాలి.

చిన్నవిగా కనబడేవి

ఇంకో రకం అవసరాలున్నాయి. కంప్యూటర్ రాసేవాళ్ళకు ఇవి చిన్నవి. తెలంగాణలో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. ఆంధ్రలో 2.20 అంటే రెండెకరాల ఇరవై సెంట్లు. ఎకరానికి ఇక్కడ 40 గుంటలు, అక్కడ 100 సెంట్లు. అంకె ఒక్కటే, భూమి వేరు. దేశమంతటికీ ఒకే అచ్చు పోస్తామనేవాళ్ళు ఈ తేడాను పక్కనే మాటల్లో రాసి చూపించకపోతే రేపు సరిహద్దు మండలాల్లో తగాదాలు పుడతాయి.

మన బై నంబర్లలో అ, ఆ, ఇ, ఈ ఉంటాయి. 112/అ ఒకరిది, 112/ఆ ఇంకొకరిది. కళ్ళు సరిగా ఆనని పెద్దమనిషికి అ, ఆ ఒకేలా కనబడతాయి. పేర్లలోనూ అంతే. పాస్‌పుస్తకంలో ఒక తీరు, ఆధార్‌లో ఒక తీరు, బ్యాంకులో ఇంకో తీరు. కేంద్రం 2024 సెప్టెంబరు 2న 2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. 11 కోట్ల మంది రైతులకు గుర్తింపు సంఖ్య ఇస్తామన్నది. ఆ సంఖ్యను రాష్ట్రాల భూమి రికార్డుకే కట్టేస్తారు. పేరు తప్పు పడ్డవాడికి, పేరే లేనివాడికి ఆ కట్టు ఉరి కాకూడదు.

మనం ఏం చేయాలి

వ్యతిరేకిస్తున్నాం అని ఒక తీర్మానం రాసి పంపితే పని అయిపోదు. లెక్క మనమే తీయాలి. ప్రతి మండల కమిటీ ఇద్దరు కార్యకర్తలను ఒక నెలపాటు, వారానికి ఒకరోజు చొప్పున మీ సేవ దగ్గర, తహసీల్ ఆఫీసు దగ్గర కూర్చోబెట్టాలి. చేతిలో ఒక నోటుపుస్తకం, అందులో ఐదు కాలమ్‌లు: వచ్చింది ఎవరు (పట్టాదారు, వారసుడు, కౌలు రైతు, మహిళ, ఇతరులు), ఏ పని మీద వచ్చారు, ఇది ఎన్నోసారి రావడం, పని అయిందా, కాకపోతే ఎందుకు కాలేదు. పేర్లు, సర్వే నంబర్లు రాయవద్దు. రైతు నమ్మి చెప్పింది మన దగ్గర నుంచి బయటికి పోకూడదు. రాని వాళ్ళ లెక్క కూడా కావాలి. దానికి ఊళ్ళోకి పోవాలి, కౌలు రైతుల ఇండ్లకు, ఒంటరి మహిళల ఇండ్లకు పోవాలి.

ఆ లెక్క చేతిలో పెట్టుకుని ప్రభుత్వాలను ఈ కిందివి అడుగుదాం.

1. పెండింగు దరఖాస్తులు తేలేదాకా ఏ ఊరి రికార్డునూ దిద్దరాని పద్ధతిలోకి ఎక్కించవద్దు.

2. ఎక్కించే ముందు గ్రామసభలో సర్వే నంబర్ల వారీగా చదివి వినిపించాలి. నకలును పంచాయతీ గోడకు అంటించాలి. వలస పోయినవాళ్ళు వచ్చే పండుగ రోజులు గడువులో కలిసేలా చూడాలి.

3. తప్పును దిద్దే దారి, అమ్మకం దారి అంత సులువుగా ఉండాలి. దిద్దినప్పుడు పాత రాత చెరిగిపోకూడదు. ఎవరు, ఎప్పుడు, ఏ ఉత్తర్వుతో మార్చారో రైతుకు కనబడాలి.

4. సాగుదారు కాలమ్ ఉండాలి. అందులో పేరున్నవారికి పంట నష్టం, బీమా, కొనుగోలు కేంద్రం వర్తించాలి.

5. నకళ్ళు ఒకే శాఖ దగ్గర ఉండకూడదు. ఒకటి గ్రామ పంచాయతీలో, ఒకటి జిల్లా కోర్టులో ఉండాలి. ఏడాదికోసారి ముద్ర వేసిన కాగితపు ప్రతి కూడా ఉండాలి. కరెంటు పోయినా, కంపెనీ మారినా మన హక్కు పోకూడదు.

6. కంప్యూటర్ చెప్పిందే ఆఖరు మాట కాకూడదు. సివిల్ కోర్టుకు పోయే హక్కు అలాగే ఉండాలి.

ఇందులో ఒక్కటి కూడా కొత్త యంత్రాన్ని వద్దనేది కాదు. ఐదో డిమాండు నిజమైన వికేంద్రీకరణనే అడుగుతున్నది. నకలు ఊరి చేతిలో ఉన్ననాడే ఆ మాటకు అర్థం ఉంటుంది.

ముందు యంత్రం తెచ్చుకుందాం, లోపాలుంటే తరువాత సవరిద్దాం అనేవాళ్ళు ఉన్నారు. సవరించే వీలున్న యంత్రమైతే ఆ మాట చెల్లుతుంది. ఇది సవరించకుండా ఉండటానికే పుట్టిన యంత్రం. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

వచ్చే నెల జిల్లా సమావేశానికి ప్రతి మండల కమిటీ ఆ నోటుపుస్తకంతో రావాలని కోరుతున్నాను. ఎన్ని ఊళ్ళు, ఎంతమంది, ఏయే పనులు, ఎన్ని తిరుగుళ్ళు, అన్నీ కలిపి ఒకే కాగితంగా కలెక్టరు ముందు పెడదాం. వెబ్‌సైట్ ఎవరి కోసమని అధికారులను అడిగితే ‘రైతుల కోసమే’ అంటారు. ఏ రైతుల కోసమో పేరుపేరునా మనం చెప్పగలిగి ఉండాలి.